నడిచేవాడి కొలత

సుద్దక్కను మనం కిందటి వారం ఆమె కొట్లోనే వదిలేసి వచ్చాం. కుట్టుమిషను ముందు, తిరగేసిన బూడిదరంగు ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పదహారు రోజుల కిందట కాలవ గట్టు దారిలో ఆమె భర్తను ఎవడో వెనకనుంచి వచ్చి ఇనుపరాడ్డుతో కొట్టాడు. ఉత్తరాలు పంచే మనిషి ఆయన. ఎండయినా వానయినా రోజుకు పన్నెండు మైళ్ళు నడిచిన కాళ్ళు. ఎడమ మోకాలి చిప్ప మూడు ముక్కలైంది, రెండు పక్కటెముకలు విరిగాయి. "మొహం చూళ్ళేదు, ఎవరో తెలీదు" అన్నమాట తప్ప ఆయన నోట ఇంతవరకు మరొకటి రాలేదు. ఆమె కొట్లో ఉన్నప్పుడు ఆస్పత్రిలో ఆయన పక్కన ఉండేది ఆమె తమ్ముడు. కొట్టినవాడు పారిపోతూ ముళ్ళకంచె దూకాడు. కంచెకు చిక్కిన జానెడు గుడ్డను కానిస్టేబులు తెచ్చి, ఈ కుట్టు ఏ టైలరుదో చెప్పగలవా అని అడిగితే, చూసి చెబుతానని పంపేసింది. చూడాల్సిన పని లేదు. ఆ కుట్టు ఆమెదే.

నిన్న అత్తగారింటి నుంచి మరమ్మతు బట్టల సంచి వచ్చింది. అట్టడుగున ఈ ప్యాంటు. ఎడమ కాలు లోపలివైపు, మోకాలి దగ్గర, జానెడు గుడ్డ లేదు.

ఇలాంటి ప్యాంటు ఆమె తన చేత్తో ఒక్కటే కుట్టింది. మరిదికి.

ఆమె పని తెలియనివాళ్ళకు అంత నమ్మకం ఎలాగని అనిపించవచ్చు. పల్చటి బట్ట నిక్కర్లూ ప్యాంట్లూ చూడ్డానికి సుఖంగా ఉంటాయి, వేసుకుని నాలుగు వీధులు తిరిగితే తెలుస్తుంది వాటి సంగతి. నిక్కరు తొడల మధ్యకు ఎగబాకుతుంది. నాలుగు కుట్లు కలిసే చోట ముడి చర్మాన్ని గీరుతుంది. జేబులో తాళాలు అడుగడుక్కీ తొడ మీద డప్పు కొడతాయి. అలా ఒరుసుకుపోయి కాళ్ళు ఎడంగా వేసుకుంటూ వచ్చేవాళ్ళే ఆమె ఖాతాదారులు. నర్సులు, వాచ్‌మన్లు, ఇంటింటికీ సరుకు మోసేవాళ్ళు, డాక్టరు నడవమన్నాడని నడిచేవాళ్ళు. ఆమె నడుముకు టేపు చుట్టదు. తొడల లోపలివైపు గుడ్డమీద నీలం సుద్ద దట్టంగా రాసి, కొట్టు ముందరి పొడుగాటి వరండాలో మూడుసార్లు అటూ ఇటూ నడవమంటుంది. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడ ఒరుసుకుంటున్నట్టు లెక్క. ఆ చోటునుంచి కుట్టు తప్పిస్తుంది. తొడలు కలిసే చోట గాలిపటం ఆకారంలో చిన్న గుడ్డముక్క వేసి బట్టకు ఊపిరి పోస్తుంది. కుట్టు అంచులు విప్పి రెండుపక్కలా పడుకోబెడుతుంది. జేబు వెనక్కి మారుస్తుంది. అందుకే ఆమె అసలు పేరు అందరూ మర్చిపోయి సుద్దక్క అన్నారు.

మరిది నడక వేరు. కుడి పాదం బయటికి విసిరినట్టు పడుతుంది. ఆ ఊపుకు ఎడమ మోకాలి పైన గుడ్డ ఒరుస్తుంది. అందుకని రెండేళ్ళ కిందట అతని ప్యాంటుకు ఎడమ కాలి లోపలి కుట్టును రెండువేళ్ళు ముందుకు జరిపింది. లోకంలో ఇంకెవరికీ అవసరంలేని మార్పు. కంచెకు చిక్కిన గుడ్డ మీద ఉన్నది సరిగ్గా ఆ కుట్టే.

గోడ గడియారంలో రెండున్నర. నాలుగింటికి కానిస్టేబులు వస్తానన్నాడు. సుద్దక్క ప్యాంటు మడిచి కుర్చీ మీది దిండు కింద పెట్టి దానిమీద కూర్చుంది.

గుమ్మంలో వెలుతురు తగ్గింది.

"పనిలో ఉన్నావా వదినా?"

ఆమె తల ఎత్తలేదు. అడుగుల చప్పుడు చాలు ఆమెకు. ఒకటి మెత్తగా, ఒకటి విసురుగా.

"కనబడుతోందిగా."

"అమ్మ సంచీ పంపిందట."

"పంపింది. దిండు గలేబులు రెండు, మావయ్యగారి పాత చొక్కా ఒకటి. జేబుగుడ్డకు కూడా అతుకు వేయమంది."

మరిది నవ్వాడు. మనిషి వెడల్పు, నవ్వు సన్నం. మొన్నమొన్నటిదాకా మిల్లు గేటు దగ్గర కాపలా ఉద్యోగం. ఒక కూలివాణ్ణి కింద పడేసి తన్నాడు. అటుగా ఉత్తరాలు తీసుకొచ్చిన అన్న అడిగినవాళ్ళకు చూసింది చూసినట్టు చెప్పాడు. ఉద్యోగం ఊడింది. మర్నాడే నడివీధిలో అన్న చొక్కా పట్టుకుని, "నీ కాళ్ళు విరగ్గొడితే ఇంకెవడి మీదా చాడీలు మొయ్యవు" అని అరిచాడు. వీధి వీధంతా విన్నది. ఆ తర్వాత నాలుగో రోజునే కాలవ గట్టు మీద ఆ కాలు విరిగింది.

"అందులో నాదొకటి పొరపాటున వచ్చింది. చెత్తబుట్టలో పడేస్తే తీసి, ఉతికి, ఇస్త్రీ పెట్టి మరీ పంపింది మా అమ్మ. ఆవిడ చేతికి శవాన్నిచ్చినా ఏ ముక్క దేనికి పనికొస్తుందా అని చూస్తుంది. ఇచ్చెయ్, పోతా."

"మంచి ప్యాంటు. ఎందుకు పడేశావు?"

"చిరిగింది."

"ఎక్కడ చిరిగింది?"

అతని నవ్వు ఆగిపోయింది. "ఇచ్చెయ్ వదినా."

"నాలుగింటికి కానిస్టేబులుకిస్తా. ఆయన దగ్గర దీని ముక్క ఒకటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటాడు. తర్వాత నీకే ఇప్పిస్తాడులే, లోపల వేసుకోడానికి."

మరిది వెనక్కి తిరిగాడు. వెళ్ళిపోతున్నాడనే అనుకుంది. అతను పైకి చెయ్యి చాపి షట్టరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఇనుపరేకు గడగడా దిగి నేలను కొట్టింది. మెట్లకింద గది అది, కిటికీ లేదు. ట్యూబులైటు ఒక్కటే మిగిలింది, ఇస్త్రీపెట్టె మీది ఎర్రదీపం ఒకటి.

"లే."

"లేవను."

అతను బల్ల మీదున్న గుండీల డబ్బాలు మోచేత్తో ఊడ్చేశాడు. అలమరలోంచి బట్టలు లాగి విసిరాడు. ఒక నర్సమ్మ కొత్త ప్యాంటు అతని చెప్పు కింద నలిగింది. దొరక్కపోయేసరికి వచ్చి ఆమె జడ పిడికిట్లో చుట్టుకుని తల వెనక్కి వంచాడు.

"ఎక్కడ పెట్టావు?"

"నీ అన్న కాలు ఎక్కడ పెట్టారో చూశావా నువ్వు? ఇటుకలు కట్టి మంచానికి వేలాడదీశారు."

చెంప మిషను బల్లకు కొట్టుకుంది. మొదటి దెబ్బకు మెరుపు కనబడింది, రెండో దెబ్బకు నోట్లో ఉప్పగా తగిలింది. నాలుకతో వెతికితే ఒక పన్ను కదులుతోంది. మూడోసారి అతను ఆమె తల ఎత్తినప్పుడు, ఎత్తిన చెయ్యి దించకుండా ఒక్క క్షణం ఆగాడు. ఎందుకు ఆగాడో ఆమె ఆలోచించలేదు. ఆమెకు కావలసింది ఆ క్షణమే. కుడిచేత్తో తడిమి ఇస్త్రీపెట్టె పిడి అందుకుని, వెనక్కి చూడకుండానే అతని ముంజేతికి ఆనించి నొక్కింది.

చర్మం చుయ్‌మంది. కాలిన వెంట్రుకల వాసన గదంతా కమ్మింది. మరిది అరుపు అరుపులా లేదు, దగ్గు అడ్డుపడినట్టు వచ్చింది. జడ వదిలేశాడు. ఆమె లేచి, పెట్టెను రెండు చేతులా ఎత్తి అతని భుజం మీద వేసింది. మొన తగిలి చెవి చీలింది. అతను బట్టల కుప్పమీద కాలు జారి వెల్లకిలా పడ్డాడు. తీగ సాగి ప్లగ్గు ఊడిపోయింది. ఆమె పెట్టె పారేసి కత్తెర తీసుకుంది.

పదంగుళాల కత్తెర. రోజూ పొద్దున సాన పట్టే కత్తెర. అతని గుండెమీద మోకాలు పెట్టి, కత్తెర విప్పి ఒకవైపు పదునంచును మెడ నరానికి ఆనించింది. అతను పట్టుకోబోయాడు. ఆమె గుంజింది. అతని అరచెయ్యి బొటనవేలి మొదలునుంచి చిటికెనవేలి దాకా తెరుచుకుంది. రక్తం ఆమె చీర కుచ్చిళ్ళమీద పడింది.

"పదహారు రోజులు," అంది సుద్దక్క. గొంతు తనది కానట్టు నెమ్మదిగా ఉంది. "పదహారు రోజుల్నుంచి ఆయన పక్కమీద బిందెడు చెమటలు పోసి మూలుగుతుంటే నేను తుడుస్తున్నా. డాక్టరు నట్లు బిగించాడు ఆ మోకాలికి. నిద్రలో ఇంకా నడుస్తున్నట్టు కాలు కదిలించి అరుస్తాడు. అన్నరా ఆయన నీకు. చిన్నప్పుడు భుజాన ఎత్తుకు తిరిగిన అన్న. ఏ కాలు ఆనించి కొట్టావో చెప్పు. ఆ కాలి నరం కోసి పంపిస్తా. పోలీసులు తర్వాత."

కత్తెర మెడమీంచి తీసి అతని మోకాలి వెనక పెట్టింది. పెట్టి నొక్కింది కూడా. పల్చటి నిక్కరు వేసుకుని వచ్చాడు, అదీ ఆమె కుట్టిందే. బట్టకు అవతల కండ బిగుసుకోవడం ఆమె వేళ్ళకు తెలిసింది. చెయ్యి వణకలేదు. తన చెయ్యి వణకడంలేదని గమనించి లోపల ఎక్కడో భయపడింది.

మరిది కదలలేదు. కళ్ళమ్మట నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, చీలిన చెవిలో ఆ ఉప్పు మండుతున్నట్టుంది, మొహం ఒకపక్కకు ముడిచాడు.

"కాళ్ళ జోలికి రాకు వదినా. చేతులు కొయ్యి, మెడ కొయ్యి. కాళ్ళు కావాలి నాకు."

"ఎందుకు? ఇంకెవర్ని తన్నాలి?"

"నడిచి చూపించాలి నీకు."

ఆమెకు అర్థం కాలేదు.

"నీ సుద్దతోనే తేల్చు. కుట్టు చూసి నన్ను దొంగను చేశావు. కుట్టు నాదే. ఎవరు కాదన్నారు? ఆ రోజు అది వేసుకుని దూకినవాణ్ణి నేనైతే, నేనే కానిస్టేబులు వచ్చేదాకా కూచుంటా ఇక్కడ."

"వేసుకున్నది నువ్వు కాకపోతే ఎవరు?"

"చెప్పను."

"చెప్పవా?"

"అన్నయ్య ఒట్టేయించుకున్నాడు."

కత్తెర వదులైంది. ఆస్పత్రికి మరిదిని రానివ్వొద్దని గేటు దగ్గర చెప్పి పెట్టింది తనే. ఒక్కసారి, మూడో రోజున, ఆమె మందులకు వెళ్ళినప్పుడు లోపలికి దూరాడు. తిరిగి వచ్చేసరికి అన్నదమ్ములు చేతులు పట్టుకుని ఉన్నారు. చూడగానే ఒళ్ళు మండి, వార్డంతా వినేలా తిట్టి గెంటించింది. భర్త అప్పుడేదో అనబోయి మానేశాడు.

"నువ్వే గనక కాకపోతే మరి దీన్ని తీసుకుపోవడానికి ఎందుకొచ్చావు? నన్నెందుకు కొట్టావు?"

"వీధిలో అరిచింది నేను. ప్యాంటు నాది. ఒకసారి జైలుకెళ్ళొచ్చిన మొహం నాది. నేను కాదంటే ఎవడు నమ్ముతాడు? నువ్వు నమ్మావా? తగలబెట్టేద్దామని వచ్చా. అది లేకపోతే నాకూ మంచిది, నీకూ మంచిది." ఊపిరి తీసుకున్నాడు. "కొట్టడం... చెయ్యి ముందు లేస్తుంది నాకు. అది నా జబ్బు. కాదనను."

సుద్దక్క లేచింది. దిండు కింద నుంచి ప్యాంటు తీసి అతని మీదికి విసిరింది. షట్టరు నడుము ఎత్తుకు లేపింది. వరండాలోకి పడిన ఎండకు కళ్ళు చికిలించింది. పైమెట్ల మీద ఒకావిడ బకెట్టుతో నిలబడి చూస్తోంది. సుద్దక్క నోటి రక్తం కొంగుతో తుడుచుకుని, "ఏం లేదమ్మా, కొలతలు తీస్తున్నా" అంది. ఆవిడ ఆ కొంగు వైపూ లోపలున్న మనిషి వైపూ చూసి, బకెట్టు అక్కడే వదిలేసి పైకి వెళ్ళిపోయింది.

మరిది నిక్కరు మీదే ప్యాంటు ఎక్కించుకున్నాడు. ఒక్క చేత్తో బొందు బిగించుకోలేకపోతే ఆమే బిగించింది. అలవాటైన వేళ్ళు, ఎవరిదైనా ముడి ముడే. తర్వాత కింద కూర్చుని, నీలం సుద్ద తీసుకుని, రెండు తొడల లోపలా మోకాళ్ళ దాకా దట్టంగా రాసింది. చిరుగు దగ్గర అతని చర్మానికి కూడా నీలం అంటింది.

"నడువు. మూడుసార్లు. దొంగనడక నడిచావంటే నాకు తెలుస్తుంది."

"తెలుసు."

నడిచాడు. తెగిన చేతిని రెండో చేత్తో పైకి పట్టుకుని, వరండా ఆ చివరకూ ఈ చివరకూ. మెత్తగా ఒకటి, విసురుగా ఒకటి. గచ్చు మీద ఎర్ర చుక్కలు వరసగా పడ్డాయి, కుడివైపువి కొంచెం ఎడంగా. మూడోసారి తిరిగి వచ్చి ఆమె ముందు కాళ్ళు విడదీసి నిలబడ్డాడు.

ఎడమ మోకాలి పైన సుద్ద చెరిగింది. రెండేళ్ళ కిందట చెరిగిన చోటే. కుడి తొడ మీద మాత్రం రాసింది రాసినట్టే ఉంది.

"చూశావా, ఎడమ కాలే. నీదే ఇది," అంది సుద్దక్క. అంటూనే ఆగిపోయింది.

పల్చటి బట్టకు ఒక గుణముంది. కుట్టు దగ్గర ఒరిసిన చోట పోగులు లేచి ఆవగింజల్లాంటి ఉండలు కడుతుంది. ఎన్నిసార్లు ఉతికినా ఆ ఉండలు పోవు. మరిదికి ఒరిసే చోట ఆమె కుట్టు తప్పించింది గనక అక్కడ ఉండలు కట్టవు. కట్టలేదు కూడా. కానీ కుడి తొడ లోపల, సుద్ద చెక్కుచెదరని ఆ నీలం మధ్యలో, నాలుగు వేళ్ళ మేర గుడ్డ గరుకు తేలి ఉంది. చేత్తో తడిమింది. ఉండలు. దట్టంగా, గజ్జి లేచినట్టు. కిందికి తడుముకుంటూ వచ్చింది. కుడి మోకాలి లోపలివైపు ఇంకో అరచేతి మేర.

నిన్నటినుంచి ఆమె చూసింది ఎడమకాలి చిరుగునే. తన కుట్టు కనబడగానే ఇక వెతకడం మానేసింది. వచ్చిన ప్రతివాడికీ కుట్టింది చూడకు, అరిగింది చూడు అని పాఠం చెప్పే మనిషి, కుట్టింది చూసి ఊరుకుంది.

ఇది వేసుకుని ఎవడో వారాల తరబడి నడిచాడు. మరిదికి అవసరం లేదని జరపకుండా వదిలేసిన కుడి కాలి కుట్టు వాడి కాలికి ఒరిసీ ఒరిసీ ఇలా చేసింది. కుడి తొడ పైన, కుడి మోకాలి లోపల. కుడి పాదం లోపలికి తిరిగి ఉంటే తప్ప అక్కడ ఒరుసుకోదు.

ఆ పాదం ఆమెకు తెలుసు. ఆ పాదాన్ని అరచేతిలో పెట్టుకుని, పూటకు నూరుసార్లు బయటికి తిప్పి నూనె రాసింది. అమ్మ పోయినప్పుడు వాడికి పదకొండు నెలలు, తనకు పద్నాలుగేళ్ళు. గోడ పట్టించి, తన వేళ్ళు పట్టించి, నడవా ఈ చివరనుంచి ఆ చివరకు నడిపించింది. పడినప్పుడల్లా నేలను కొట్టి వాణ్ణి నవ్వించింది. ఎంత తిప్పినా ఆ కుడి పాదం కొంచెం లోపలికే నిలిచిపోయింది. ఇప్పుడు మీటర్లు చూసే ఉద్యోగం వాడిది, రోజంతా నడకే. నిక్కరు తెచ్చివ్వరా, బాగుచేసి ఇస్తా అంటే, నాకు సుద్దలూ గిద్దలూ వద్దక్కా, ఎవరిదో ఒకటి దొరుకుతుందిలే అనేవాడు.

సుద్ద ముక్క ఆమె వేళ్ళ మధ్య రెండుగా విరిగింది.

"మా తమ్ముడికిచ్చావా ఇది?"

"నేను చెప్పలేదు," అన్నాడు మరిది. "గుర్తుపెట్టుకో. నేను చెప్పలేదు."

"ఎప్పుడిచ్చావు?"

"వాడు ఆమధ్య మా ఇంట్లో ఉన్న నెల్లోనే తీసుకున్నాడు. కాలవ దగ్గర అన్నకు దెబ్బలు తగిలిన రోజు సాయంత్రం తెచ్చి మూల పడేశాడు. గోడ దూకుతుంటే చిరిగిందన్నాడు. రక్తం చూసి నేనడిగితే, నువ్వు వీధిలో అరిచిన మాట అందరూ విన్నారుగా అని నవ్వాడు. అంతే అన్నాడు. ఇంకేమీ అనక్కర్లేదుగా."

"ఎందుకు చేశాడు? ఆయనేం చేశాడు వాడికి?"

"అది అన్నయ్యనే అడగాలి. నాకు చెప్పింది ఒక్కటే. మీ వదినకు పుట్టింటివైపు మిగిలింది వాడొక్కడే, వాణ్ణి కూడా పోగొట్టకు అన్నాడు. చేతిలో చెయ్యి వేయించుకున్నాడు." మరిది గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారాడు. మొహం పాలిపోయింది. "వాడు రోజూ ఆస్పత్రిలో ఎందుకు కూచుంటున్నాడనుకున్నావు? సేవ చెయ్యడానికనా? కాపలా వదినా. నేను చేసిన ఉద్యోగమే. లోపలున్నవాడు నోరు విప్పకుండా కాపలా."

పదహారు రోజులుగా చూస్తున్నవన్నీ సుద్దక్క కళ్ళముందు తిరగబడ్డాయి. తమ్ముడు గదిలోకి రాగానే భర్త కళ్ళు మూసుకునేవాడు. నొప్పి అనుకుంది. తమ్ముడు నీళ్ళు పడితే రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకునేవాడు. మందుల వికారం అనుకుంది. నిన్న రాత్రి భోజనానికి ఇంటికి బయల్దేరుతుంటే కొంగు పట్టుకున్నాడు. ఏం కావాలండీ అంటే, ఏం లేదు వెళ్ళిరా అని వదిలేశాడు. తమ్ముడు తలుపు దగ్గరే నిలబడి, నేనున్నాగా అక్కా, అన్నాడు.

ఈ పొద్దున.

ఈ పొద్దున తను చేసిన పని గుర్తుకొచ్చి ఆమె గోడ పట్టుకుంది. డాక్టరు నిన్ననే చెప్పాడు, వాకరు పట్టించి ఇవాళ నాలుగడుగులు వేయించండని. కట్టు మీంచి పట్టేలా తెల్లవారకముందే కూర్చుని నిక్కరు కుట్టింది. ఎడమపక్క నిలువునా విప్పి మూడు బొందులు పెట్టింది, మోకాలు కదల్చకుండా తొడిగేలా. కుట్టు ఏదీ చర్మానికి తగలకుండా అన్నీ బయటివైపుకు తిప్పింది. ఆయన నడిచిన నడకలన్నీ తలుచుకుంటూ కుట్టిన నిక్కరు. మడత పెట్టి తన చేత్తోనే తమ్ముడి చేతికిచ్చింది. "ఇది తొడిగి నువ్వే నడిపించరా. నీకు నేను నడక నేర్పినట్టు నేర్పు బావకి" అంది. వాడు నవ్వుతూ తీసుకున్నాడు.

ఫోను బల్ల మీద లేదు. డబ్బాలతోపాటు కింద పడింది. గుండీల మధ్య మోకాళ్ళమీద పాకి వెతికింది. ఒక గుండుసూది అరచేతిలో దిగితే పట్టించుకోలేదు. అద్దం పగిలినా ఫోను పనిచేస్తోంది. వార్డు నంబరు నొక్కింది. ఆరుసార్లు మోగింది. ఏడోసారి నర్సమ్మ ఎత్తింది. సుద్దక్క కుట్టిన ప్యాంట్లు వేసుకునే నర్సమ్మే.

"నేనమ్మా, సుద్దక్కని. పద్నాలుగో మంచం. ఆయన పక్కన ఎవరున్నారు?"

"అయ్యో, గొంతు అలా ఉందేంటక్కా? జలుబా? మీ తమ్ముడున్నాడుగా. బంగారంలాంటి పిల్లాడు. ఇందాకే మీరు పంపిన నిక్కరు తొడిగాడు. ఎంత బాగా కుట్టారక్కా, కట్టుకు ఎక్కడా తగల్లేదు. మీ ఆయన కూడా ఒరుసుకోవట్లేదన్నారు. ఇన్నాళ్ళకు ఆయన మాట విన్నా నేను."

"ఆయనకి ఫోనివ్వమ్మా. ఒక్కసారి ఇవ్వు."

"ఇప్పుడెక్కడున్నారు, నడిపిస్తానని తీసుకెళ్ళాడు మీ వాడు. వరండాలో అనుకున్నా. గాలి బాగుంటుంది, డాబా మీదికి తీసుకెళ్తానన్నాడు. లిఫ్టు పాడైంది కదండీ అంటే, నేనెత్తుకుంటాలే అన్నాడు. పాపం మీ ఆయన, వద్దంటున్నట్టు నా వైపు చూశారు. మొదటిరోజు అందరికీ భయమేలే అన్నా నేను."

సుద్దక్క ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. వెనక మరిది లేచి నిలబడ్డాడు. కాలిన చేత్తో షట్టరు పూర్తిగా పైకి తోశాడు.

"ఉండండక్కా," అంది నర్సమ్మ, అటు తిరిగి చూస్తున్నట్టు గొంతు దూరమై మళ్ళీ దగ్గరైంది. "ఇదేంటి, వాకరు ఇక్కడే ఉందే మంచం పక్కన. అది లేకుండా ఎలా నడిపిస్తున్నాడు?"